పగడానికి షేడ్‌నెట్

నాకు ఓపిక తక్కువ. వంటింట్లోనూ అంతే, హాల్లో ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టుకున్నప్పుడూ అంతే. మా ఆయనకి అలవాటైపోయింది కానీ, మిర్చి పండించే మా మామగారు ఊరుకోలేదు. "మిరపకాయలున్న ఇంట్లో ఉప్పునీళ్ళేంటమ్మాయ్, ఊరగాయ పెడతావా?" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ ఏడిపించేవారు.

ఆయన నోరు మూయించాలనే పగడం తెప్పించాను. ఉంగరంలో పెట్టుకునేది కాదు, ప్రాణమున్నది. అరచేతిలో పట్టే ముక్క, దాని నిండా గోధుమరంగు పువ్వుల్లాంటి బుల్లి నోళ్ళు. దానికి వెలుగే తిండట. తిండికి లోటెందుకని ఉన్నవాటిలో పెద్ద ఎల్ఈడీ లైటు కొని, మా ఆయన చేత తొట్టి మీద వేలాడదీయించాను. తగ్గించే మీట లేదు, వేస్తే పూర్తి వెలుగే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలిగించి మురిసిపోయాను.

నాలుగో రోజుకి పగడం ముడుచుకుపోయింది. ఆరో రోజుకి ఒక పక్క సున్నం కొట్టినట్టు తెల్లబడింది. చేజేతులా చంపుకుంటున్నానని ఏడుపొచ్చేసింది. సరిగ్గా అప్పుడే కాఫీ గ్లాసుతో మామగారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఇంతకుముందు ఏ వెలుగులో పెరిగిందిది?"

"షాపులో చిన్న లైటు కిందండి."

"ఒక్కసారే ఎండలో పడేస్తే మాడిపోదూ? నారు పెంచే ఇంట్లో ఉండి ఆ మాత్రం తెలీదా?" అని కసిరి, పెరట్లోకి వెళ్ళి మిరపనారు మీద కప్పే షేడ్‌నెట్ ముక్క కడిగి తెచ్చారు. నాలుగు మడతలు పెట్టి తొట్టి మీద పరిచారు. "వారానికో మడత తియ్యాలి. నువ్వొద్దులే, నీకు ఓపిక లేదు. నేనే తీస్తాను."

అన్నట్టే ఆదివారం ఆదివారం తీశారు. ఒక వారం మాత్రం ససేమిరా అన్నారు. "ఇంకా వేళ్ళు పట్టలేదు" అన్నారు. దానికి వేళ్ళుండవని చెప్పినా వినలేదు. నాకు చెడ్డ కోపం వచ్చింది. మరుసటి వారానికి తెల్లమచ్చ అంచుల్లో గోధుమరంగు కనిపించేసరికి ఆ కోపం ఏమైపోయిందో తెలీదు.

చివరి మడత తీసిన రోజు నోళ్ళన్నీ విచ్చుకున్నాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

మొన్న కాయలు కొనడానికొచ్చిన పెద్దమనిషి తొట్టి చూసి, "ఇదేంటండీ?" అని అడిగాడు. మళ్ళీ ఊరగాయ సంగతి ఎత్తుతారని నేను పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

"పగడమండి. మా కోడలూ నేనూ పెంచుతున్నాం" అన్నారు మామగారు.