గోడకు కొట్టిన స్పాంజి

బహ్రెయిన్‌లో మేం కాపురమున్న ఫ్లాటుకీ పక్క హోటలుకీ మధ్య అరచెయ్యి పట్టే సందు కూడా లేదు. పాత మనామాలో ఇళ్ళన్నీ అలాగే ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. మా పడకగది గోడకి అవతల ఆ హోటలు వాళ్ళ పాటల హాలు. రాత్రి తొమ్మిదిన్నరకి డ్రమ్ము మొదలయ్యేది. మామూలు రోజుల్లో రెండింటికి ఆపేవారు. గురువారం మాత్రం మూడు దాటేది. అక్కడ శుక్ర, శనివారాలు సెలవులు కావడంతో వంతెన దాటి పక్క దేశం నుంచి కూడా జనం కార్లలో వచ్చేవారు.

ఆ ఫ్లాటు మా ఆయన నేను వెళ్ళకముందే తీసుకున్నారు. ఆయన కాకినాడ హార్బరులో బోటు ఇంజన్ల మెకానిక్కు. యాభై దాటాక బహ్రెయిన్ వర్క్‌షాపు వాళ్ళు పిలిస్తే వెళ్ళారు. మా అమ్మాయికి పెళ్ళి చేసి కడియంలో అత్తారింటికి పంపాక నేనూ వెళ్ళాను. ఉగాది వెళ్ళిన నాలుగో రోజు, బుధవారం దిగాను. మర్నాడే గురువారం. ఆ రాత్రి కన్ను మూతపడలేదు. తెల్లారాక అడిగాను.

"ఇల్లు చూసినప్పుడు ఇది వినపడలేదా అండీ?"

"పగలు చూశానే. పగలు వాళ్ళూ పడుకుంటారు."

"మరి ఇన్నాళ్ళూ మీకు నిద్రెలా పట్టింది?"

"ఇంజను గదిలో పడుకుని గురక పెట్టినోణ్ణి, నాకిదో లెక్కా? అయినా ఉప్పాడ పిల్లవి, నీకు హోరు కొత్తేంటే?"

ఉప్పాడలో పుట్టిన మాట నిజమే. మా పుట్టింటి అరుగు నుంచి సముద్రం ఎంత దూరమో ఏటా అడుగులతో కొలుచుకుంటూ పెరిగాను. ఇప్పుడు ఆ అరుగు లేదు, అక్కడ నీళ్ళున్నాయి. "సముద్రం మధ్యలో ఆగి మైకులో హలో హలో అనదండీ" అన్నాను. ఆయన నవ్వుకుంటూ డ్యూటీకి వెళ్ళిపోయారు.

తెలిసిన ఉపాయాలన్నీ చేశాను. కొబ్బరినూనెలో తడిపిన దూది చెవుల్లో పెట్టుకున్నాను. మంచం అవతలి గోడకి జరిపించాను. వంటింట్లో చాప వేసుకుని, పొగ లాగే ఫ్యాను తిప్పి, ఆ రొదలో ఈ రొద కలిసిపోతుందేమో చూశాను. డ్రమ్ము మోత చెవిలోంచి వచ్చేది కాదు. నేలలోంచి వచ్చి పక్కటెముకల్లో కొట్టేది. స్టీలు కంచాలు స్టాండులో గలగలమంటుంటే వాటి మధ్య పాత చీర ముక్కలు మడిచి పెట్టాను. పగలు ఇద్దరు ముగ్గురు తెలుగు పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్పేదాన్ని. ఒకరోజు భిన్నాలు చెబుతూ హారం కింద లవం వేశాను. పిల్లలు చూసుకోలేదు. నేను చూసుకున్నాను. లెక్క తప్పడమంటే నాకు ఒంట్లో బాగాలేనట్టే.

ఇక కేలండరు మీద గుర్తులు పెట్టడం మొదలుపెట్టాను. రెండు దాటిన రాత్రికి ఒక గీత, మూడు దాటితే అడ్డంగా ఇంకో గీత. మూడు నెలల కాగితాలు చింపి మా బిల్డింగు వాచ్‌మన్‌కి చూపించాను. అతనిది రావులపాలెం.

"ఇవి పట్టుకెళ్ళి హోటలు వాళ్ళకి చూపించు బాబూ."

"అమ్మగారూ, వాళ్ళు పాటలు ఆపరండి. నన్ను ఆపేత్తారు."

"నేను మాట్లాడతాను, నువ్వు పక్కన ఉండు చాలు."

వెళ్ళాం. కౌంటరు దగ్గర టై కట్టుకున్న అబ్బాయి కాగితాలన్నీ మర్యాదగా చూశాడు. లోపలికి వెళ్ళి ఒక చిన్న డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిళ్ళలు. తిరిగొస్తూ వాచ్‌మన్ అన్నాడు, "పోనీలెండి అమ్మగారూ, ఉత్త చేతుల్తో పంపలేదు కదండి." నేను మాత్రం ప్రతి నెలాఖరునా కేలండరు కాగితం తీసుకెళ్ళి ఆ కౌంటరు మీద పెట్టి వచ్చేదాన్ని.

ఆ ఏడే, దీపావళి దాటాక అనుకుంటాను, ఒక రాత్రి వంటింట్లోంచి మంచినీళ్ళు తెచ్చుకుంటూ పడకగదిలోకి చూశాను. ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. ఆయన పెట్టెలో మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి ఉండేది. దాని మొన గోడకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి కళ్ళు మూసుకున్నారు. ఇంజను లోపల ఏం జరుగుతుందో మెకానిక్కులు అలాగే వింటారు. నడుస్తున్న ఇంజను మీద మొన పెట్టి, పిడి చెవికి పెట్టుకుంటే లోపల ఏ భాగం అరిగిందో తెలుస్తుంది. బేరింగు పోతే ఇసక నలిగినట్టు ఉంటుందని పెళ్ళైన కొత్తలో నాకు చెప్పేవారు. హార్బరులో ఆయన ఇంజనుకి స్క్రూడ్రైవర్ ఆనిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు మాటలు ఆపేసేవారు.

"బాగుందండీ. నేనేమో వినలేక చస్తుంటే మీరు చాలక పుల్ల పెట్టుకుని మరీ వింటున్నారా?"

నా మాట వినపడలేదు. నా నీడ పడితే కళ్ళు తెరిచారు.

"వాళ్ళ స్పీకరు ఒకటి చినిగిందే. చూస్తున్నాను."

"చూసి బాగుచేసి రండి, ఇంకా గట్టిగా మోగుద్ది."

నవ్వారు. తర్వాత దాదాపు రోజూ డ్రమ్ము మొదలైన కాసేపటికి అలా కూర్చునేవారు. వయసు మీద పడ్డాక మగాళ్ళకి ఏవో పిచ్చి అలవాట్లు వస్తాయనుకుని వంటింట్లో నా చాప మీదకి నేను వెళ్ళిపోయేదాన్ని.

సంక్రాంతి దాటిన మూడో శుక్రవారం పప్పు మాడింది. కుక్కరు పెట్టి, "మూడు విజిల్స్ రాగానే కట్టెయ్యండి" అని గట్టిగా చెప్పి నేను స్నానానికి వెళ్ళాను. ఆయన వంటింటి గుమ్మంలోనే కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. స్నానాల గదిలోంచి నాకు విజిల్స్ వినపడుతూనే ఉన్నాయి. మూడు, నాలుగు, ఐదు. తడి చీర చుట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి వాసన వచ్చేసింది.

"మూడన్నానా లేదా?"

"మూడన్నావు. ఒకటన్నా రాలేదుగా. రబ్బరు పోయిందేమో చూడు."

ఆయన ఆ మాట అంటుండగానే కుక్కరు మళ్ళీ కూసింది. ఆవిరి పైకి లేచి కప్పుకి తగిలింది. ఆయన ఆవిరిని చూశారు, నన్ను చూశారు. నేను వెళ్ళి స్టవ్ కట్టేశాను.

ఆయనే చెప్పారు. పేపరు మడుస్తూ చెప్పారు.

"ముందు పిట్టల అరుపులు పోయాయే. తర్వాత ఫోను. ఇంజనులో సన్న చప్పుళ్ళు పోయి ఏడాదవుతోంది. చెయ్యి పెట్టి నెట్టుకొస్తున్నాను. వణుకు తెలుస్తుంది కదా."

"మరి ఆ గోడ?"

"రోజూ అదే టైముకి, అదే డ్రమ్ము, అదే గోడ. నా చెవి ఎంత మిగిలిందో చూసుకోడానికి ఇంతకంటే కొలత ఎక్కడ దొరుకుద్ది? మొదట్లో పడుకుంటే వినపడేది. తర్వాత చెవి ఆనిస్తే. ఇప్పుడు స్క్రూడ్రైవర్ పెడితే. అది వినపడినంతకాలం పనికెళ్తాను. అదీ పోయిన రోజు వెళ్ళిపోదాం."

నిద్రపోనివ్వదని నేను గీతలు గీసుకున్న మోతతోనే, రోజుకెంత పోతోందో ఆయన కొలుచుకుంటున్నారు. ఒకే గోడ, ఇద్దరివీ రెండు లెక్కలు.

డాక్టరుకి చూపించాం. ఇంజన్ల మధ్య పనిచేసేవాళ్ళకి ఇలా అవుతుందని, లోపల నరం చచ్చిపోతే మందు లేదని చెప్పాడు. మిషను పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయన్నాడు. ఇంజను తెలుస్తుందా అని ఈయన అడిగారు. ఆ ప్రశ్న డాక్టరుకి అర్థం కాలేదు.

ఆ వారమే వాచ్‌మన్ మెట్లమీద సంబరంగా ఎదురొచ్చాడు.

"అమ్మగారూ, గెలిచేశారండి! మీ కేలండరు కాయితాలు చూసి చూసి వాళ్ళ మేనేజరుకి విసుగొచ్చేసిందంటండి. రంజాన్ నెల ఎలాగూ పాటలుండవు కదండి, అప్పుడు సౌండు ఇటు రాకుండా గోడ మొత్తం స్పాంజి కొట్టించేత్తారంట."

"వద్దని చెప్పు బాబూ."

"ఆఁ?"

"స్పాంజి వద్దు. ఉన్నదున్నట్టు ఉండనివ్వమని చెప్పు."

అతను నా ముఖంలోకి వంగి చూశాడు. "మీరేనాండీ ఈ మాటంటున్నది? ఒంట్లో బాగానే ఉందా అండి?" అడిగినందుకు పాపం వెళ్ళి చెప్పాడు కూడా. స్పాంజి అప్పటికే కొనేశారట.

రంజాన్ నెల వచ్చింది. తొమ్మిదిన్నరైనా గోడ కదల్లేదు. నాకు నిద్ర పడుతుందనుకున్నాను, పట్టలేదు. ఆయన మాత్రం ఆ నెలంతా తేలిగ్గా ఉన్నారు. స్క్రూడ్రైవర్ పెట్టెలోంచి తీయలేదు. ఎందుకని నేను అడగలేదు. ఆ నెల ఆయనకి వినపడకపోయినా తప్పు చెవిది కాదు. మధ్యాహ్నాలు అవతల మేకులు కొడుతున్న చప్పుడు వచ్చేది. అది నాకు మాత్రమే వచ్చేది.

పండగైన మర్నాడు పాటలు మళ్ళీ మొదలయ్యాయి. స్పాంజి పనిచేసింది, అబద్ధం చెప్పకూడదు. పాటలో మాటలు పోయాయి, మైకు పోయింది. డ్రమ్ము మాత్రం మిగిలింది. ముందున్నదాంట్లో సగం ఉంటుంది, పక్కటెముకల్లో కొట్టేది కాస్తా గుండెల మీద తట్టినట్టు ఉంది. ఆయన మంచం మీద కూర్చుని మొన గోడకి ఆనించారు. పిడి చెవి వెనక పెట్టారు. కాసేపాగి నుదుటికి పెట్టుకున్నారు. తర్వాత పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆయన చాలాసేపు చూసి, పిడి నోట్లోంచి తీసి అడిగారు.

"ఏంటే, ఇంకా మొదలెట్టలేదా వీళ్ళు?"

నా అరికాళ్ళ కింద నేల అదురుతూనే ఉంది. ఆయన నా నోటివైపే చూస్తున్నారు. నేను దగ్గరికి వెళ్ళి, పెదాలు కనపడేలా, మాట మాట విడదీసి చెప్పాను.

"స్పాంజి కొట్టారు కదండీ. ఏమీ రావటం లేదు. నాకూ వినపడటం లేదు."

"నీకూ వినపడటం లేదా?"

"చుక్క శబ్దం లేదు."

ఆయన ముఖం విప్పారింది. "పర్లేదే. పనివాళ్ళు బాగానే కొట్టారు" అన్నారు. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, బీపీ మాత్ర వేసుకోడానికి గోడవారగా బల్లమీదున్న గ్లాసు కోసం చెయ్యి చాచారు. చెయ్యి మధ్యలో ఆగిపోయింది. నేనూ అప్పుడే చూశాను. గ్లాసు నిండా నీళ్ళున్నాయి. ఆ నీళ్ళ మీద, సరిగ్గా నడిమధ్య, సన్నటి గుండ్రటి వలయం లేస్తోంది, పోతోంది. లేస్తోంది, పోతోంది. నా కాళ్ళ కింద అదురు ఎప్పుడొస్తోందో అది సరిగ్గా అప్పుడే లేస్తోంది.

ఎంతసేపు చూశారో. నేను లెక్కపెట్టలేదు. తర్వాత మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసెత్తి నీళ్ళన్నీ తాగేశారు. మాత్రకి అన్ని నీళ్ళు అక్కర్లేదు. ఖాళీ గ్లాసు బల్లమీద బోర్లించి, స్క్రూడ్రైవర్ గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టి, లైటు తీసేసి పడుకున్నారు. ఆ రాత్రి నేను వంటింట్లోకి పోలేదు. ఆయన పక్కనే పడుకుని ఆ డ్రమ్ము మొత్తం విన్నాను.

మర్నాడు వర్క్‌షాపులో పని మానేస్తున్నానని ఆయనే చెప్పేసి వచ్చారు. నెల తిరక్కుండా కాకినాడ వచ్చేశాం. చెవికి మిషను పెట్టించాం. డబ్బా లోపల కూర్చున్నట్టుందని పండగలకీ పెళ్ళిళ్ళకీ తప్ప పెట్టుకునేవారు కాదు. నేను పలక కొన్నాను. "పప్పులో ఉప్పు సరిపోయిందా" అని రాసి చూపిస్తే "సరిపోయిందే!" అని ఆయన అరిచేవారు. మా ఇంట్లో ఉప్పు సంగతి వీధి చివర దాకా తెలిసేది. హార్బరు వాళ్ళు ఇంజను చూడమని పిలిస్తే వెళ్ళలేదు. కూర్చుని కబుర్లు చెప్పడానికి మాత్రం వెళ్ళేవారు. విననక్కర్లేదు కనుక అన్నీ ఆయనే చెప్పేవారు.

ఆయన కబుర్లలో తేదీలు ఎప్పుడూ సరిగ్గా ఉండేవి కావు. బుధవారాన్ని శుక్రవారం చేసేవారు, ఒక రంజాన్‌ని రెండు చేసేవారు. పక్కన ఉంటే పలక మీద రాసి మరీ దిద్దేదాన్ని. "చూశారాండి, మాస్టారమ్మ మార్కులేసింది" అని నవ్వించేవారు. ఒక్క కబురు మాత్రం దిద్దలేదు. ఎవరింటి పక్కన మైకు పెట్టినా, ఎవరు నిద్ర లేదని మొత్తుకున్నా ఆయన అది మొదలుపెట్టేవారు.

"బహ్రెయిన్‌లో మా ఇంటిపక్క హోటలండి. తెల్లవార్లూ డాన్సులు. మా ఆవిడ కేలండరు పట్టుకెళ్ళి వాళ్ళ దుంప తెంపేసింది. దెబ్బకి గోడంతా స్పాంజి కొట్టించారు. ఆ తర్వాత చుక్క శబ్దం రాలేదండి. మా ఇద్దరికీ వినపడలేదు."

ఇద్దరికీ అన్నప్పుడు నావైపు చూసేవారు కాదు.

పోయిన మాఘంలో, పౌర్ణమికి రెండు రోజుల ముందు ఆయన పోయారు. పెద్దకార్యం నాడు భోజనాలయ్యాక హార్బరు నుంచి వచ్చిన ఒకాయన, మా ఆయన కంటే చిన్నవాడు, నా కుర్చీ దగ్గర కింద కూర్చున్నాడు. తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పిన్నిగారూ, ఆ స్పాంజి గోడ సంగతి ఎన్నిసార్లు చెప్పారోనండి. నిజమేనా అండి అది? ఏం శబ్దం వచ్చేది కాదా?"

"రాలేదు బాబూ" అన్నాను. "చుక్క కూడా రాలేదు. మా ఇద్దరికీ వినపడలేదు."