లెక్కలో తగ్గిన ఒక జవాబు

నా చిన్ననాటి స్నేహితుడు ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. ఏళ్ల తరబడి దుమ్ములో పనిచేసి వాడికి చూపు మందగించింది. రాయి ఆకారం తెలుస్తుంది కానీ ఫోన్‌లో అక్షరాలు కనిపించవు. నానా ఊళ్ల శిల్పులు కలిసి మాట్లాడుకునే వేదిక ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. పని ఫొటో పెడితే తప్పులు మొహమాటం లేకుండా చెబుతారు. ఆ మాటలను తెలుగులో చదివి వినిపించే యాప్‌ను బయటి ఆయనెవరో తయారుచేసి ఉచితంగా ఇచ్చాడు. వేదికవాళ్ల సొంత యాప్‌లో ఆ వసతి లేదు.

ఒకరోజు వాడు ఫోన్ చేశాడు. బయటి యాప్‌లు సమాచారం తీసుకున్న ప్రతిసారీ డబ్బు కట్టాలని వేదికవాళ్లు అన్నారట. అంత కట్టలేక ఆయన ఆ యాప్ మూసేస్తున్నాడట.

"మా దగ్గర నెలనెలా ఇంత అని తీసుకుంటే నడ్చదా? లెక్కలోడివి గదా, చెప్పు."

నేను నంద్యాలలో ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను. బడిలో నేర్చింది తక్కువ, సొంతంగా నేర్చిందే ఎక్కువ. రెండు మూడు రకాలుగా వేసి చూశాను. మనం ఎక్కువ వాడేకొద్దీ ఆయన వేదికకు ఎక్కువ కట్టాలి. నెలకింత అని తీసుకుంటే, వాడిలా రోజంతా వినేవాళ్ల దగ్గరే ఆయనకు నష్టం.

"నడ్చదు రా. పొద్దున్నే ఫోన్ చెయ్యి, నేను చదువుతా."

"నీకు యాడ తీరుతాది?"

"అంగడి తెరిచేలోపల తీరుతాదిలే."

అప్పటినుంచి రోజూ చదువుతున్నాను. ఆ నెలలో వాడు గోస్పాడు దగ్గరి ఒక ఊరి గుడికి నందిని చెక్కాడు. తీసుకుపోయేవాళ్లు రెండు రోజుల్లో వస్తారనగా, చదవడం రాకపోయినా వాడి భార్యే ఫొటో తీసి పెట్టింది. మరునాడు నా అలవాటు ప్రకారం ముందు లెక్క చెప్పాను: తొమ్మిది జవాబులు. అన్నీ మెచ్చుకోళ్లే, ఒక్కటి తప్ప. ఎడమ చెవి మొద్దుగా ఉంది, తొందరపడ్డావు అని ఎవరో కన్నడ శిల్పి రాశాడు. పొద్దున్నే ఆ మాట చెప్పడానికి నాకు మనసొప్పలేదు. దాటేశాను.

"ఎనిమిదే చదివితివి," అన్నాడు.

"అంతే రా."

"తొమ్మిదని నువ్వే అంటివి. నీకన్నా ఆ యాపే మేలు, తిట్లు మింగేది కాదు. చదువు."

చదివాను. అవతల రాతిమీద అరచెయ్యి రాస్తున్న చప్పుడు వినిపించింది.

"నిజమే రా, చేతికి దొరికింది. మందం ఉంది కాబట్టి తీసెయ్యొచ్చు. గుడికి పోయినాక చెప్పింటే నేనేం చేసేవాణ్ణి?"

నందిని తీసుకుపోయే రోజు నేను ఆళ్లగడ్డ బస్సెక్కాను. వాడు నా చేతులు పట్టుకుని రెండు చెవుల మీదా పెట్టాడు. బొటనవేలితో, చూపుడువేలితో పట్టి చూశాను. తేడా దొరకలేదు.

ఇప్పుడు తప్పులు పట్టిన జవాబులే ముందు చదువుతున్నాను. అయినా వాడికి చాలదు.

"ఇంగొంచెం గట్టిగా తిట్టు రా," అంటాడు. "ఆ యప్ప అంత మెల్లగా రాసిండడు."