నాలుగు నిమిషాలకే ఆగిన గొంతు

మా ఆసుపత్రి కంప్యూటర్ గదిలో నా సీనియరును అందరూ అనుమానం అక్క అంటారు. బీరువాకు తాళం వేసి మూడుసార్లు లాగి చూసే మనిషి. పాత డిస్కుల్లోని రికార్డింగులను కొత్తవాటిలోకి ఎక్కించే ప్రోగ్రాం రాసిన మహానుభావుణ్ణి నేను. పని కాగానే తెరమీద పచ్చగా "పూర్తయింది" అని వస్తుంది. ఆ పచ్చదనం చూసే మా ఆఫీసరుగారు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

గొంతు ఆపరేషనయ్యాక మాట పోయే రోగుల మాటలను మేం ముందే రికార్డు చేసి ఉంచుతాం. ఒకరోజు అలా మాట పోయిన ఒకాయన, భార్యతో కలిసి తన గొంతు వినడానికి వచ్చాడు. ఇరవై నిమిషాల రికార్డింగు నాలుగు నిమిషాలకే ఆగిపోయింది. ఆ నాలుగు నిమిషాల్లో ఉన్నవి మేం చదవమన్న వాక్యాలే. ఆయన సొంత మాటలు ఒక్కటీ లేవు. ఎక్కించడం అయిపోయిన పాత డిస్కులు చెరిపేసే మనిషేమో సాయంత్రం అయిదింటికి వస్తాడు.

"పూర్తయిందని వచ్చింది కదక్కా," అన్నాను.

"అది నోటికొచ్చింది చెబుతుంది. సైజు చూశావా?"

చూడలేదు. అంత తీరిక ఉంటే ప్రశంసాపత్రాలు ఎలా వస్తాయి?

నా కోడ్ తెరిచి అక్క తల పట్టుకుంది. నా ప్రోగ్రాం డిస్కును ఒక్కో విడతకు ఇంత ఇమ్మని అడుగుతుంది. ముసలి డిస్కు ఆయాసపడి కాస్త తక్కువిస్తే, ఫైలు అయిపోయిందని తేల్చేసి, మిగతాది గాలికొదిలేస్తుంది.

"కుళాయి సన్నగా వస్తే ట్యాంకు ఖాళీ అయినట్టేనేంట్రా? వచ్చినంత పట్టుకో, మిగతాది మళ్లీ అడుగు. ఇక చుక్క లేదన్నాకే ఆపు. మధ్యలో తేడా వస్తే వచ్చిందని ఏడువు."

అలాగే తిరగరాసి, చివర్లో పాత ఫైలు, కొత్త ఫైలు సైజులు సరిపోతేనే పచ్చరంగు వచ్చేలా చేసింది. ఈలోగా డిస్కులు పంపమని ఆఫీసరుగారి ఫోను. "ముందు నన్ను చెరిపేయమనండి," అని పెట్టేసింది.

నాలుగూ నలభైకి ఫైలు మొత్తం వచ్చింది. భార్యాభర్తలకు వినిపించాం. అయిదో నిమిషంలో ఆయన గొంతు విసుక్కుంది: "మందుల చీటీ ఎక్కడ పెట్టావ్? నీకు చెప్పేకన్నా గోడకు చెప్పడం నయం."

"మీ జేబులోనే ఉంది, చూసుకోండి," అందావిడ, కంప్యూటరుతో. పక్కనున్న ఆయన అలవాటుగా జేబు తడుముకున్నాడు. ఆవిడ భోరున ఏడ్చేసింది. నాకూ కళ్లు నిండాయి.

వాళ్లు వెళ్లాక అక్కకు నేనే చెప్పాను, పోయిన వారం పద్దెనిమిది డిస్కులు ఇలాగే సైజు చూడకుండా చెరిపించేశానని. ఆమె తిట్టలేదు. ఆ డిస్కుల్లోని రోగుల జాబితా తీసి నా ముందు పెట్టింది.

"ఫోన్లు నువ్వే చెయ్యి," అంది.