కుడి మోకాలు

మోకాళ్ల మార్పిడికి రోబోలు తయారుచేసే కంపెనీలో అతనిది చిత్రమైన ఉద్యోగం. ఆసుపత్రి ఆసుపత్రికీ ఆ రోబోని వెంటబెట్టుకుని వెళ్లాలి. ఆపరేషన్ గదిలో ఓ మూల తెర ముందు కూర్చోవాలి. కోసేది డాక్టరు, కోత గీత దాటకుండా ఆపేది రోబో, ఆ రోబో చెప్పిన మాట వింటోందో లేదో కనిపెట్టుకుని ఉండేది ఇతను. రోగిని ముట్టుకోకూడదు. పేరు అడగకూడదు. స్కాన్ మీద ఒక నంబరు, వయసు, ఆడో మగో ఉంటాయి, అంతే. పచ్చగుడ్డల మధ్య నుంచి కనిపించే మోకాలే అతనికి మనిషి. ఆ మనిషికి మత్తు దిగేసరికి ఇతను రోబోని వ్యానెక్కించేసి ఉంటాడు. దగ్గరుండి చేయించిన అన్ని మోకాళ్లలో ఒక్కటైనా నడవగా చూసిన పాపాన పోలేదు!

కోతకి ముందు ఒక పద్ధతి ఉంది. తెర మీద ఉన్నది ఏ కాలో ఇతను పైకి చెప్పాలి. డాక్టరు అదే మాట తిరిగి అనాలి. "కుడి." "కుడి." డాక్టరు అనేదాకా రోబోని కదలనివ్వడు. రోజు మొత్తంలో అతని మాటకి ఎవరైనా మాట కలిపేది అక్కడే. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఊళ్లు తిరిగే ఉద్యోగమని దాటేశాడు, చివరికి ఆ మాట ఎత్తేవాళ్లే లేకుండా పోయారు. ఇంట్లో ఒక కుర్చీ, ఒక కంచం. ఎంత ఒంటరితనమండీ, పగవాడికి కూడా వద్దు.

అక్క ఒకతి ఉంది. బావ పోయిన రోజు రోబోకి తొలి పరీక్ష అని ఇతను వెళ్లలేదు. "నీ రోబో బాగుంటే చాలులేరా," అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఇతను సిగ్గుతో చెయ్యలేదు, ఆవిడ పంతంతో చెయ్యలేదు. అలాగే ఏళ్లు గడిచిపోయాయి.

ఓ రోజు, మర్నాటి ఆపరేషన్ స్కాన్ తెరిచి కొయ్యబారిపోయాడు. ఆడమనిషి, అక్క వయసే. కుడి మోకాలి కింద ఎముక ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుంది. చిన్నప్పుడు తను గోడెక్కి దిగలేక ఏడుస్తుంటే, దింపబోయిన అక్క జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. "నేనే దూకాను," అని ఇంట్లో తమ్ముడి బదులు తిట్లు తింది.

అక్కే! ఇంకెవరు? ఆవిడ నడిచి వచ్చేసరికి ఎదురుగా నిలబడాలి. తిడితే పడాలి. కొడితే మరీ మంచిది!

"కుడి," అన్నాడు మర్నాడు.

"కుడి," అన్నాడు డాక్టరు.

అంతా సవ్యంగా జరిగిపోయింది. కింద వ్యాను డ్రైవరు హారన్ మోగిస్తున్నా అతను కదల్లేదు. సాయంత్రందాకా వరండా చివరే నిలబడ్డాడు.

ఆ రోగిని ఉంచిన గది తలుపు తెరుచుకుంది. నర్సు పక్కన నడుస్తుంటే, వాకర్ ఊతంతో ఒక పొడుగాటావిడ బయటికొచ్చింది. అక్క పొట్టిది. ఈవిడెవరో! అతని ప్రాణం ఉసూరుమంది.

"ఎవరి కోసం బాబూ?" అంది ఆవిడ.

"మా అక్క కోసమండీ."

"ఏ గదిలో ఉంది?"

అతను వరసగా ఉన్న గది నంబర్ల వంక చూశాడు.

"అయ్యో, కనుక్కుని రావద్దూ?" అని నవ్వి, ఆవిడ మెల్లగా ముందుకి సాగింది. ఆ కొత్త మోకాలు చక్కగా వంగుతోంది. అతను చూడనే లేదు.

మెట్ల మీద కూలబడి ఫోన్ తీశాడు.

"ఎవరూ?"

"నేనక్కా."

"ఎవరికేమైందిరా?"

"ఎవరికీ ఏం కాలేదు. నీ మోకాలు ఎలా ఉందోనని..."

"ఏ మోకాలు?"

"కుడిది. గోడ మీంచి పడ్డావుగా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! విరిగింది ఎడమదిరా." అక్క ముక్కు చీదుకుంది. "నీ కోసం పడ్డాను. ఏ కాలో కూడా గుర్తులేదూ నీకు?"

లోకంలో అందరి కాళ్లూ కుడో ఎడమో పైకి చెప్పి మరీ సరిచూసుకునే మనిషి! సిగ్గుతో చితికిపోయాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఇంకేం అనాలో తెలియక, ఆపరేషన్ గదిలో అన్నట్టే అన్నాడు.

"ఎడమ."

ఫోన్ చెవికి నొక్కిపెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఆఁ, ఎడమ," అంది అక్క. "మెట్లెక్కలేకపోతున్నాను. ఓసారి వచ్చి చూసి పో."