ఆమె దాచలేకపోయిన మాట

నా భార్య మొన్న గురువారం టైఫాయిడుతో పోయింది. ఏలూరులో పద్దెనిమిదేళ్లు ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పింది. ఆమె దగ్గర చదివినవాళ్లు ఉత్తరాలు రాశారు. అందరూ ఆమె ఓర్పును తలుచుకున్నారు. అది నిజమే. అయితే ఆమె తనను తాను క్షమించుకోని సంగతి ఒకటుంది. అది వదిలేసి రాస్తే ఆమె ఒప్పుకోదు.

నాలుగో ఫారంలో మా వీధి పిల్ల ఒకతె ఉండేది. లెక్కల్లో దిట్ట. తోటిపిల్లలు ఒక్కొక్కరే పెద్దమనిషై బడి మానేస్తున్నారు. మానేసినవాళ్లు గుమ్మాల్లోంచి ఈ పిల్లను ఏడిపించేవారు.

"ఏమే, నువ్వింకా పాలు తాగే పిల్లవేనా?"

"ఆఁ, పూటకో చెంబుడు. మీ ఇంట్లో పోయరేంటే?" అనేదట.

నిజానికి నాలుగు నెలల కిందటే పెద్దమనిషైంది. బడి మాన్పిస్తారని ఇంట్లో దాచింది. ఒకనాడు క్లాసులో కళ్లు తిరిగి పడిపోయి, నా భార్యకు చెప్పుకుంది. గుడ్డలు ఆరేసుకునే చోటు లేక తడివే కట్టుకుంటోందట. అన్నం సయించడం లేదట.

"ఏవండీ, ఏం చేయమంటారు?" అని నా భార్య నన్నడిగింది.

"తల్లితో చెప్పు. తల్లి కదా" అన్నాను.

చెప్పింది. ఆ తల్లి కోప్పడలేదు. "మంచిపని చేశారండి. నాలుగు నెలలు దాచిందని తెలిస్తే దీన్నెవరు చేసుకుంటారండి? ఇవాళే అయిందనుకుందాం. మీరూ ఎక్కడా అనకండి" అంది.

మర్నాడు పిల్లను మూలన కూర్చోబెట్టారు. పేరంటం చేసి మా ఇంటికీ చిమ్మిలి పంపారు. నా భార్య ముట్టలేదు. పిల్లను బడికి పంపమని మూడుసార్లు వెళ్లి అడిగింది. మూడోసారి గుమ్మంలోంచే పంపేశారు. వేసవిలో కొల్లేటికోట సంబంధం చేశారు.

ఆ తర్వాత ఏ పిల్ల ఏం చెప్పుకున్నా నా భార్య నాతో కూడా అనేది కాదు. "నీ మాట నీదేనమ్మా" అని వాళ్లకు మాటిచ్చేది. నన్ను ఏనాడూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

నిరుడు ఇద్దరం పడవ మీద కొల్లేటికోట వెళ్లాం. ఆ పిల్ల చంకలో బిడ్డతో గట్టున బట్టలు ఆరేస్తోంది. నా భార్యను గుర్తుపట్టింది. పైట సర్దుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

"పిలవమంటారాండి?" అన్నాడు పడవవాడు.

"వద్దు నాయనా. తనే రానీ" అంది నా భార్య.

పొద్దు వాలేదాకా ఆమె పడవలోనే కూర్చుంది. ఆ ఇంటి తలుపు తెరిచే ఉంది. లోపల బిడ్డను జోకొడుతున్న చప్పుడు నీటి మీదుగా వినిపిస్తూనే ఉంది.