యాష్లీ అని రాసి పంపాను

మొన్న మా మేనకోడలు, తనకు పుట్టబోయే బిడ్డకు పేరు చూడమని, ఏ దేశంలో ఏ పేర్లు ఎక్కువగా పెడుతున్నారో చెప్పే జాబితా ఒకటి ఫోనుకు పంపింది. కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను గానీ, సగంలోనే ఫోను పక్కన పడేసి వరండాలో అటూ ఇటూ తిరిగాను. పేర్ల విషయంలో నా తెలివి ఏపాటిదో నాకు తెలుసు కదా!

తొంభైలలో గల్ఫులో, రాస్ లఫాన్ అనేచోట గ్యాస్ ప్లాంటు కడుతున్నప్పుడు ఒక కంపెనీలో గేటు పాసులు టైపు చేసేవాణ్ణి. తెల్లవాళ్లందరూ ఒకటే అనుకుంటూ వెళ్లినవాణ్ణి, ఆర్నెల్లు తిరిగేసరికి పాస్‌పోర్టు తెరవకుండానే, పేరు విని దేశం చెప్పేసేవాణ్ణి. నైజెల్, కీత్, గ్రహాం అంటే ఇంగ్లాండు. రాండీ, చక్, బ్రాడ్ అంటే అమెరికా. షేన్ అంటే చాలావరకు ఆస్ట్రేలియా. అందరూ మెచ్చుకుంటుంటే, మీరు నవ్వినా సరే, నాకు కాస్త తలకెక్కింది.

సరిగ్గా అప్పుడే భీమవరం నుంచి మా ఆవిడ ఉత్తరం వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, బాప్తిస్మానికి మూడు వారాలే ఉంది, అత్తయ్యగారు పైకి అనకపోయినా తన పేరు పెడతామని ఆశపడుతున్నారు, మీ మాట కోసం చూస్తున్నాం అని. మా అమ్మ పేరు ఎల్సీ. ఆమె పుట్టినప్పుడు మిషన్ ఆసుపత్రి దొరసాని ముచ్చటపడి పెట్టిన పేరది. గొప్పగా ఆఫీసులో చెబితే, ఇంగ్లాండాయన అది ముసలమ్మల పేరన్నాడు. అమెరికాయన తమ దేశంలో పాల ప్రకటనల్లో ఆవు పేరని పగలబడి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక కుదురుగా కూర్చుంటే ఒట్టు. బస్సులో, క్యాంపులో, భోజనాల దగ్గర అందరినీ పేర్లు అడగడమే పని. పక్క గదిలో ఉండే కరీంనగర్ మేస్త్రికి విసుగొచ్చింది.

"ఏందన్నా, మీ అమ్మ పేరు ఉండంగ గీ తెల్లోళ్లను అడుగుతవేంది? ఆళ్లు పెంచుతరా నీ బిడ్డను?"

నేను వినలేదు. అమెరికావాళ్లు తమ కూతుళ్ల గురించి చెప్పుకునేటప్పుడు ఎక్కువగా వినిపించిన పేరు యాష్లీ. సెలవు మీద ఊరెళ్తున్న ఒకాయన చేతికి, ఆ పేరు రాసి ఉత్తరం ఇచ్చేశాను.

బాప్తిస్మం అయిపోయిందని తెలిసిన రోజు ఆఫీసులో మిఠాయి పంచాను. ఇంగ్లాండాయన పేరడిగి, చెయ్యి కలిపి, కొడుకు పుట్టినందుకు అభినందనలు చెప్పాడు. వాళ్ల దేశంలో అది ఎక్కువగా మగపిల్లల పేరట! నా చేతిలో మిఠాయి పెట్టె అలాగే ఉండిపోయింది.

ఇప్పుడైతే పుట్టిన గంటకే ఫోనులో బిడ్డను చూస్తున్నారు, పక్కనే ఉన్న నాయనమ్మ మొహమూ చూస్తున్నారు. ఆ మొహం చూసుంటే నేనూ మరోలా రాసేవాణ్ణేమో. రెండేళ్లకు సెలవు మీద వెళ్తే అమ్మ మనవరాల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం తినిపిస్తూ పాపా అని పిలుస్తోంది. బతికినన్నాళ్లూ పాపా అనే పిలిచింది. ఎందుకమ్మా అంటే, ఆ పేరుకు నాకు నోరు తిరగదురా అనేది. చిన్నప్పుడు మిషన్ బడిలో దొరసానులు నేర్పిన ఇంగ్లీషు పాటలన్నీ ఒక్క తప్పు లేకుండా పాడే మా అమ్మ.