మాస్టర్ సాబ్ నేర్చుకున్న అక్షరాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో 'రాజ్యం' అనే మాటను తిట్టులా వాడేవాళ్లు. ఎద్దు మొండికేస్తే "నీ రాజ్యం కూల" అనేవాడు మా తాత. సర్కారుకు కట్టాల్సిన లెవీ గల్లా కింద మా జొన్నలు కొలుచుకుపోయిన రోజునా అదే మాట అన్నాడు, కాకపోతే గొంతు తగ్గించి. మాది కుండల్‌వాడికి రెండు కోసుల దూరంలో చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, అంగట్లో మరాఠీ, సర్కారు కచేరీలో ఉర్దూ. మూడు భాషల్లోనూ తాత చెప్పేది ఒక్కటే. "రాజ్యం మారితే కొరడా పట్టిన చెయ్యి మారుతది. వీపు మారదు."

నేను నడక నేర్వకముందే నాన్న జ్వరంతో పోయాడు. ఇంట్లో తాత, అమ్మ, నేను. అమ్మది నాయ్‌గావ్ వైపు మరాఠీ మాట్లాడే ఊరు. వాళ్ల నాన్న భజనలు చేసే మనిషి. ఆయన పోతీ, అంటే పురాణ పుస్తకం, చదువుతుంటే పక్కన కూర్చుని చూసి చూసి అమ్మ అక్షరాలు నేర్చుకుంది. ఆ సంగతి మా ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే మెచ్చుకునే రోజులు కావవి. చాటలో జొన్నపిండి పలచగా పరిచి, వేలితో రాసి, ఆ మరాఠీ అక్షరాలన్నీ నాకు నేర్పింది. రాయడం అయ్యాక ఆ పిండితోనే రొట్టె చేసేది.

ఊరి బడి చావిడి పక్క గదిలో ఉండేది. అక్కడ చదువు ఉర్దూలో. ఒక్కడే మాస్టరు. ముస్లిం. పన్నెండేళ్ల కింద బిలోలీ నుంచి వచ్చి మా ఊళ్లోనే ఉండిపోయాడు. ఊరంతా మాస్టర్ సాబ్ అనేవాళ్లం. తాతకు కచేరీ నుంచి కాగితం వస్తే చదివి చెప్పేది ఆయనే. ఆడపిల్లకు బడి ఎందుకని తాత అంటే, మూడు సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని, సున్నం రాసిన తమలపాకు నములుతూ, మెల్లగా ఒప్పించి నన్ను బడిలో వేయించిందీ ఆయనే. వాళ్లిద్దరి మధ్య స్నేహం అలాంటిది.

దేశానికి స్వతంత్రం వచ్చిందని విన్నాం. అది మా దాకా రాలేదు. పెన్‌గంగ నదికి అవతల ఒక దేశం, ఇవతల మా నైజాం ఇలాకా ఇంకో దేశం. ఆ ఏడు ఖాకీ బట్టలు తొడుక్కున్న మనుషులు తుపాకులు పట్టుకుని ఊళ్లు తిరిగేవారు. వాళ్లు పోలీసులు కారు. పోలీసులు వాళ్లను ఆపేవారూ కారు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం మా ఊరికి వచ్చారు. నైజాం మీద తిరగబడి నది దాటి పోయేవాళ్లకు మా ఇంట్లో అన్నం పెడుతున్నామని ఎవరో చెప్పారట. బడికి ఎదురుగానే మా కల్లం. గడ్డివాముకు నిప్పంటించారు. వాము నీడన కట్టేసిన ఎడమ ఎద్దు తాడు తెంచుకోలేకపోయింది. తాత దాని వైపు పరుగెత్తబోతే తుపాకీ మడమతో భుజం మీద కొట్టి పడేశారు. అమ్మ నన్ను కడుపుకు అదుముకుని నా కళ్లు మూసింది, కానీ వేళ్ల సందులోంచి నాకు అంతా కనిపించింది. బడి గుమ్మంలో మాస్టర్ సాబ్ నిలబడి ఉన్నాడు. తలుపు రెక్క పట్టుకుని, కదలకుండా, చూస్తూ ఉన్నాడు.

ఎద్దు మూడో రోజు చచ్చిపోయింది. ఆ వారమే బండి కట్టుకుని, ఒంటి ఎద్దుకు పక్కింటివాళ్ల ఎద్దును జోడించి, నది దాటాం. గోనెసంచులతో కట్టిన గుడిసెల్లో వానలన్నీ గడిపాం. తాత ఆ కాలమంతా మాస్టర్ సాబ్ పేరెత్తలేదు. ఒక్కసారి మాత్రం, అమ్మ భుజానికి కాపడం పెడుతుంటే, "ఒక్క మాట వాండ్ల భాషల చెప్పి ఉంటే ఆగిపోదురు" అన్నాడు.

వానలు వెనకపడుతుండగా పెద్ద ఫౌజు వచ్చిందని, హైదరాబాద్ రాజ్యం లొంగిపోయిందని తెలిసింది. గుడిసెల్లో జనం డప్పులు కొట్టారు. తాత బండికి కందెన పూస్తూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చి చూస్తే పైకప్పు దూలాలు లేవు. గోడలు వానకు నాని కుంగి ఉన్నాయి.

అయితే నేను చెప్పాల్సిన కష్టం అది కాదు. ఆ తరువాతి రోజుల గురించి మా వాళ్లు ఎక్కువ మాట్లాడరు. నిన్నటిదాకా భయపడ్డవాళ్లు ఇప్పుడు భయపెట్టడం మొదలుపెట్టారు. ఖాకీవాళ్లు ఎప్పుడో పారిపోయారు. దొరికింది పేద ముస్లింలు. కుట్టుపని చేసుకునేవాళ్లు, దూదేకేవాళ్లు, గాజులమ్మేవాళ్లు. మాస్టర్ సాబ్ తమ్ముడు దర్జీ. సంతకు పోయి తిరిగి రాలేదు. ఆ కబురు వచ్చిన రోజు తాత అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండిపోయాడు, తినలేదు. "నేనన్ననా లేదా, చెయ్యే మారుతదని" అన్నాడు. గెలిచినవాడి గొంతు కాదది.

మాస్టర్ సాబ్ బావమరిది బండి తెచ్చి అందరినీ హైదరాబాద్ రమ్మన్నాడు. మాస్టర్ సాబ్ భార్యనూ పిల్లలనూ ఎక్కించి పంపాడు. తను ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో ఊరికి అర్థం కాలేదు.

కొన్ని వారాల తరువాత ఒక పొద్దున బడి గంట మోగింది. నలభై మంది చదివిన బడికి ఆరుగురం పోయాం. మాస్టర్ సాబ్ గడ్డం నెరిసింది, చొక్కా వదులైంది. ఇక మీద బడిలో చదువు మరాఠీలో చెప్పాలని హుకుం వచ్చిందని, పెద్ద అధికారి వచ్చి మాస్టర్లకు పరీక్ష పెడతాడని, మరాఠీ రానివాళ్లను కొలువు తీసేసి ఇంటికి పంపుతారని మాకు, పిల్లలకు, దాపరికం లేకుండా చెప్పాడు. ఆయనకు అంగట్లో మాట్లాడే మరాఠీ వచ్చు. ఒక్క అక్షరం రాదు.

"మీల ఎవరికన్న మరాఠీ రాయొస్తదా?" అని అడిగాడు.

నేను చెయ్యెత్తాను. ఎత్తాక గానీ అమ్మ రహస్యం గుర్తు రాలేదు. ఆయన లేచి, తన కుర్చీ నా వైపు జరిపి, వచ్చి మా చాప మీద కూర్చున్నాడు. బలపం చేతిలోకి తీసుకున్నాడు. నేను కుర్చీలో కూర్చోలేదు, దాని పక్కన నిలబడి పలక మీద 'అ' రాసి చూపించాను. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు కదా, ఆయన చెయ్యి అటువైపే పోయేది. "ఇటు, మాస్టర్ సాబ్, ఇటు" అని ఎన్నిసార్లు చెప్పానో. నవ్వే పిల్లలు కూడా ఆ రోజు నవ్వలేదు.

నాకు తెలిసినంత చెప్పడం వారంలో అయిపోయింది. గుణింతాలు, ఒత్తులు నాకే తికమక. అప్పటినుంచి ఆయన రాసిన పలకను నేను ఇంటికి తెచ్చేదాన్ని. తాత రాత్రి పొలం కాపలాకు పోయాక అమ్మ దాన్ని పొయ్యి వెలుగులో చూసి తప్పులు దిద్దేది. పొద్దున మళ్లీ బడికి. అమ్మ ఆయన ఎదుట ఎన్నడూ నిలబడలేదు, ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ చలికాలమంతా ఒకరి రాత ఒకరు చూసుకున్నారు, అంతే. ఒకనాడు 'భ' అక్షరం నేర్చుకుంటూ ఆయన పలక నిండా 'మాఝా భాఉ' అని రాశాడు. మా తమ్ముడు అని అర్థం. చివర దీర్ఘం ఉండాలి, ఆయన హ్రస్వం పెట్టాడు. అమ్మ ఆ పలక ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, ఒక్కో మాట దగ్గరా దీర్ఘం దిద్దింది. పన్నెండు సార్లు.

తాతకు తెలిసిపోయింది. దాచినా ఎన్నాళ్లు దాగుతుంది? ఒక పొద్దున నా చేతిలోంచి పలక లాక్కుని, నా రెక్క పట్టుకుని, బడికి నడిచాడు. చెప్పులు కూడా తొడుక్కోలేదు. గుమ్మంలో నిలబడి ఆ పలకను నేల మీదికి విసిరాడు. అది రెండు ముక్కలైంది.

"నా ఎద్దు కాలుతుంటె గీ తలుపు కాడ నిలవడి చూసినవు," అన్నాడు. "ఇయ్యాల నా ఇంటి పిల్లతోని అక్షరాలు దిద్దించుకుంటున్నవా?"

మాస్టర్ సాబ్ లేచి నిలబడ్డాడు. "చూసిన, పటేల్."

"మరి ఏం మొఖం పెట్టుకొని ఉన్నవు ఈడ? నీ వాండ్లందరు పోయిండ్రు. నీ తమ్మునికి గట్లయింది. గీ కొత్త రాజ్యం నీకేమిస్తదని?"

ఆయన పలక ముక్కలు ఏరుకుని బల్ల మీద పెట్టాడు. తరువాత ఆయన అన్న మాటలు నాకిప్పటికీ ఆయన గొంతుతోనే వినిపిస్తాయి.

"ఆనాడు నాకు భయమైంది, అది నిజం. భయం ఒక్కటే అయితే మంచిగుండు. 'ఏం చెప్పినా లాభం లేదు, ఈ ముల్కు ఎట్లయినా ఖరాబైతది' అనుకున్న. గట్ల అనుకోంగనే నా కాళ్లు ఆగిపోయినయి, పటేల్. నా తమ్ముడు అంగట్ల పడిపోయిననాడు సుత ఎవరో ఒకరు దుకాన్ల నిలవడి గట్లనే అనుకొని ఉంటరు. ఈ రాజ్యం మంచిగైతదా? నాకు తెల్వది. నమ్మకం ఉన్నదని నీకు అబద్ధం చెప్పను. గని అయితదన్నట్టే పని చేస్త. ఇంకోసారి నిలవడి చూసుడు నాతోని కాదు."

కొట్టడానికి వచ్చినవాడికి కొట్టాల్సిన మనిషే తప్పు ఒప్పుకుంటే ఏం చేయాలో తోచనట్టు, తాత వెనక్కి తిరిగి పోయాడు. క్షమించలేదు. నన్ను మాత్రం రమ్మని పిలవలేదు, అక్కడే వదిలి పోయాడు. ఆ తరువాతి సంతనాడు కుండల్‌వాడి నుంచి కొత్త పలక తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు.

ఎండలు ముదురుతుండగా అధికారి వచ్చాడు. చెడ్డవాడు కాదు, అలసిపోయిన మనిషి. ఆ రోజే ఇంకా మూడు ఊళ్లు తిరగాలి. మాస్టర్ సాబ్ రాత చూసి తలూపాడు. వాచకం తెరిచి చదవమన్నాడు. మాస్టర్ సాబ్ రెండు వరుసలు చదివి ఒక ఒత్తు దగ్గర ఆగిపోయాడు. ఆ మాట నాకు తెలుసు. నాలుక మీదికి వచ్చింది, చెప్పకూడదు. ఆయన మెడ మీద చెమట కారడం చూస్తూ ఉండిపోయాను. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే ఆగాడు. అధికారి పుస్తకం మూసి, ఈ నెల ఆఖరు దాకా ఉండి పొమ్మన్నాడు.

కిటికీ బయట ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో, తాత లోపలికి వచ్చాడు. ఏ సర్కారునూ ఏదీ అడగని మనిషి. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, తన ముక్కలు ముక్కల మరాఠీలో, ఈయనకు ఆరు నెలలు గడువివ్వమన్నాడు.

"ఈయన మీకేమవుతారు?" అని అడిగాడు అధికారి.

"ఏం కాడు. నా ఎద్దు కాలిననాడు చూసుకుంట నిలవడ్డోడు. అయినా ఉండనియ్యిండ్రి. నేర్చుకుంటుండు."

ఆరు నెలలు దొరికాయి. మాస్టర్ సాబ్ రెండోసారి తప్పు లేకుండా చదివాడు. కానీ మా ఊళ్లో ఉంచలేదు, ముద్‌ఖేడ్ దగ్గరి బడికి బదిలీ చేశారు. భార్యాపిల్లలు హైదరాబాద్ నుంచి అక్కడికే వచ్చారని విన్నాం. పోయే రోజు ఆయన మా ఇంటి ముందు ఆగి, లోపలికి వినపడేలా, "బాయికి నా సలాం చెప్పు బిడ్డా" అని నాతో అన్నాడు. బాయి అంటే మరాఠీలో అమ్మగారు, పంతులమ్మ కూడా; ఆ సలాం మా అమ్మకు. తాత ఇంట్లోనే ఉన్నాడు. బయటికి రాలేదు. మళ్లీ వాళ్లిద్దరూ ఒక అరుగు మీద కూర్చోలేదు. అన్నీ మానిపోయాయని చెబితే అబద్ధమవుతుంది.

ఇప్పుడు నేను నాందేడ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఎనభై దాటాయి. ఈ దేశం ఇంక బాగుపడదని ఇంటికి వచ్చినవాళ్లు అంటూ ఉంటారు. వాళ్ల దగ్గర కారణాలున్నాయి, నేను కాదనలేను. నాకు రాజకీయాలు అంతగా తెలియవు. అయితే 'లాభం లేదు' అన్న మాట నా నోటి దాకా వచ్చినప్పుడు నా కాళ్లు ఏం చేస్తున్నాయో చూసుకుంటాను. మాస్టర్ సాబ్ నాకిచ్చిన చదువు అదొక్కటే.

పోయిన వానాకాలం మా గల్లీలో అద్దెకున్న ఒక కుటుంబాన్ని ఖాళీ చేసి పొమ్మని పదిమంది వచ్చి అరిచారు. ఆ కుటుంబం ఏ కులమో, ఏ మతమో చెప్పను. ఏదైనా ఒకటే. వాకిట్లో నిలబడ్డ నన్ను చూసి మా అబ్బాయి, "లోపలికి రా అమ్మా, మనం ఏం చేస్తాం" అన్నాడు. నేను కర్ర పట్టుకుని, బురద దాటి, ఆ ఇంటి గడప మీద పోయి కూర్చున్నాను. అరిచేవాళ్లలో ఒకడు మా అబ్బాయితో చదువుకున్నవాడే. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. మాట్లాడేంత ధైర్యం నాకు లేదు. చాలాసేపు అలా కూర్చున్నాక ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆ ఇంటి ముసలమ్మ మెట్లు దిగి వచ్చి, తనూ కూర్చుంటానని, నన్ను కొంచెం జరగమంది.